రిస్క్-ఫైవ్ ప్రోగ్రాములు: చూడవచ్చు, మరి చదవవచ్చునా?

సిరిసిల్లలో జకార్డు అమర్చిన మగ్గం దగ్గర కొంతసేపు నిలబడి చూచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. చీర అంచు మీద పువ్వు వేసేది నేతగాని చేయి కాదు. మగ్గం పైన గొలుసుగా కుట్టి వేలాడదీసిన అట్టలు. అట్టకు రంధ్రం వున్నచోట పడుగుదారం పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట కిందనే వుండిపోతుంది. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకకు ఇచ్చిన ఆజ్ఞ. అట్టలు మార్చితే పువ్వు మారుతుంది, మగ్గాన్ని మార్చనక్కరలేదు. ఫ్రాన్సుదేశంలో 1804 ప్రాంతంలో జోసెఫ్ మరీ జకార్డు రూపొందించిన ఏర్పాటు ఇది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తన గణనయంత్రానికి అట్టల ఆలోచనను ఈ మగ్గం నుంచే తీసుకొన్నాడు.

నేటి కంప్యూటరులోని ప్రాసెసరు కూడా ఇట్టి ఆజ్ఞలనే ఎరుగును. వాటికి ఆదేశాలు అని పేరు. రిస్క్-ఫైవ్ అనే ఆదేశమాలలో ప్రతి మూల ఆదేశమూ 32 స్థానాలు గల ఒక అట్ట వంటిది. ప్రతి స్థానంలోనూ 0 గాని 1 గాని వుంటుంది. రెండు సంఖ్యలను కూడే ఆదేశాన్ని పరిశీలించితే, మొదటి 7 స్థానాలూ, నడుమనున్న 3 స్థానాలూ, చివరి 7 స్థానాలూ ఏ పని చేయవలెనో చెబుతాయి. మిగిలిన 15 స్థానాలు అయిదేసి చొప్పున మూడు రిజిస్టర్ల సంఖ్యలను తెలుపుతాయి: కూడవలసినవి రెండు, ఫలితం వుంచవలసినది ఒకటి. అయిదు స్థానాలతో 0 నుంచి 31 వరకు 32 సంఖ్యలు రాయవచ్చును. రిజిస్టర్లు 32 మాత్రమే వుండడానికి కారణం ఇదే. తీసివేత ఆదేశానికీ కూడిక ఆదేశానికీ తేడా ఎడమనుంచి రెండవ స్థానంలో మాత్రమే వున్నది. కూడికకు అక్కడ 0, తీసివేతకు 1. ఒక్క రంధ్రంతో కూడిక తీసివేతగా మారుతుంది. తొమ్మిదవ తరగతి విద్యార్థికి కూడా ఇది అందని విషయం కాదు.

అయితే ఏ రంధ్రానికి ఏ అర్థమో నిర్ణయించే హక్కు ఎవరిది? ఇంటెల్ ప్రాసెసర్ల ఆదేశమాల ఆ కంపెనీ చేతిలో వున్నది. సెల్‌ఫోన్లలో విరివిగా వాడే ఆర్మ్ ఆదేశమాలతో ప్రాసెసరు తయారుచేయదలచినవారు ఆ కంపెనీ నుంచి లైసెన్సు పొందవలె. ఈ స్థితిలో 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో క్రిస్టె అసనోవిచ్, ఆయన శిష్యులు ఆండ్రూ వాటర్మన్, యున్‌సుప్ లీ కలిసి, డేవిడ్ పాటర్సన్ తోడ్పాటుతో, ఎవరి అనుమతీ అవసరంలేని ఆదేశమాలను రచించ పూనుకొన్నారు. బర్క్‌లీలో ఆ కోవకు చెందిన అయిదవ రచన కావడం చేత దానికి రిస్క్-ఫైవ్ అని పేరు వచ్చినది. 2015లో దాని పోషణకు ఒక సంస్థ ఏర్పడినది. 2020లో ఆ సంస్థ స్థావరం స్విట్జర్లాండుకు మారినది. మూల ఆదేశాలు 40 మాత్రమే. గుణకారం, భాగహారం వంటివి కావలసినవారు జోడించుకొనే భాగాలు.

ప్రమాణం వేరు, పెట్టె వేరు

రిస్క్-ఫైవ్ "ఓపెన్" అనే మాట నేడు విరివిగా వినబడుతున్నది. ఆ మాటలో మూడు వేరువేరు అర్థాలు కలగాపులగం అవుతున్నవి. వాటిని విడదీయడానికి కోరుట్ల మీదుగా పోయే పెద్దపల్లి-నిజామాబాదు రైలుమార్గం ఉపకరిస్తుంది. ఆ మార్గంలో రెండు పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. ఆ కొలత అందరికీ తెలిసినదే. ఆ కొలతకు సరిపడే పెట్టెను ఏ కర్మాగారమైనా చేయవచ్చును. అంతమాత్రాన కర్మాగారం తన పెట్టె నిర్మాణపటాలను బయటపెట్టవలెనని లేదు. పెట్టెలో ఎవరు ఏ సరుకు వేసుకొన్నారో చూపవలెననీ లేదు.

రిస్క్-ఫైవ్ ఆదేశమాల పట్టాల కొలత వంటిది. అది అందరికీ తెరిచివున్నది. దానికి అనుగుణంగా తయారైన చిప్ రైలుపెట్టె వంటిది. దాని లోపలి నిర్మాణం రహస్యంగా వుండవచ్చును. చిప్ మీద నడిచే ప్రోగ్రాం సరుకు వంటిది; అదీ రహస్యంగా వుండవచ్చును. చైనాలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ రిస్క్-ఫైవ్ ఆదేశమాలతో చేసిన చిప్‌ల విషయంలో వై-ఫై ప్రసారాన్ని నడిపే ముఖ్యభాగాన్ని యంత్రరూపంలోనే ఇస్తున్నది. మనుషులు చదవగల సోర్సు కోడు ఇవ్వడంలేదు. ఆదేశమాల తెరిచివున్నా ఆ భాగం మూసివున్నది. కనుక "రిస్క్-ఫైవ్" అన్న ముద్ర చూచి అంతా బహిరంగమే అనుకొనడం పొరపాటు.

కొలబద్ద

మరి ఒక ప్రోగ్రాం నిజంగా తెరిచివున్నదని ఎప్పుడు అనవచ్చును? జగిత్యాల ప్రాంతపు రైతులకు దీనికి జవాబు సులభంగా తట్టుతుంది. పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వంటి వరి రకం పండించినవారు మంచి గింజను దాచి మరుసటి పంటకు విత్తుకోవచ్చును, పొరుగువారికి ఇవ్వవచ్చును. సంకర మొక్కజొన్న విత్తనాన్ని అట్లు దాచి విత్తితే మొదటి పంట గుణం నిలవదు, ఏటా కొనవలసిందే. దాచుకొని, విత్తి, పంచుకోగలిగినదే రైతు చేతిలోని విత్తనం.

ప్రోగ్రాం విషయంలో దీనికి ఇంకొక గుణం చేర్చవలె. విత్తనం ఎట్లు మొలకెత్తుతుందో తెలియకున్నా పంట పండుతుంది. ప్రోగ్రాం అట్లు కాదు; అర్థం కానిదానిని మార్చడం సాధ్యం కాదు. కాబట్టి విద్యార్థి దృష్టితో మూడు ప్రశ్నలు వేయవలె. సోర్సు కోడు చూడవచ్చునా? తనవద్దనున్న సామాన్య సాధనంతో నడిపి, మార్చి చూడవచ్చునా? ప్రతి పంక్తి అక్కడ ఎందుకున్నదో తెలుసుకోవచ్చునా? లైసెన్సు మొదటి ప్రశ్నకే జవాబిస్తుంది. తక్కిన రెండిటికీ రచయితల శ్రద్ధ కావలె. యంత్రానికి అతి సమీపంలో పనిచేసే నాలుగు రిస్క్-ఫైవ్ రచనలను ఈ మూడు ప్రశ్నలతో ఇక్కడ పరీక్షించడం జరిగినది.

ఎక్స్‌వి6: చదవడానికే రాసిన ప్రోగ్రాం

అమెరికాలోని మాసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో 2006లో తరగతి పాఠం కొరకు పుట్టిన చిన్న ఆపరేటింగ్ సిస్టం ఎక్స్‌వి6. దీనికి మాతృక 1975 నాటి యూనిక్సు ఆరవ కూర్పు. 2019లో దీనిని రిస్క్-ఫైవ్‌కు మార్చినారు. ప్రోగ్రాంతోబాటు దానిని వివరించే పుస్తకం కూడా ఉచితంగా లభిస్తుంది.

దీని విలువ తెలియడానికి కొంత చరిత్ర అవసరం. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1976లో యూనిక్సు ఆరవ కూర్పు సోర్సు కోడునూ, దానికి తన వ్యాఖ్యానాన్నీ విద్యార్థుల కొరకు సిద్ధంచేసినాడు. కాని 1979 నాటి ఏడవ కూర్పు లైసెన్సు సోర్సు కోడును తరగతిలో పాఠంగా చెప్పడాన్ని నిషేధించినది. లయన్స్ వ్యాఖ్యానం ఏళ్ళ తరబడి చాటుమాటుగా ఫోటోకాపీల రూపంలో చేతులు మారినది. 1996లో గాని పుస్తకంగా వెలువడలేదు. ఒకనాడు చాటుగా చదవవలసి వచ్చినదానికి సమానమైనది నేడు కోరుట్ల విద్యార్థికి బహిరంగంగా దొరుకుతున్నది.

ఎక్స్‌వి6 ఎట్లు చదవబడుతుందో చూడడానికి దాని మొట్టమొదటి ఫైలు చాలును. అందులోని ఆదేశాలు పదికి మించవు. విద్యుత్తు రాగానే ప్రాసెసరుకు ఒక చిక్కు వుంటుంది. సి భాషలో రాసిన ఏ ప్రోగ్రాం నడవాలన్నా స్టాక్ అనే తాత్కాలిక మెమొరీ కావలె. దానిని ఏర్పరచే ప్రోగ్రాంను మాత్రం సి భాషలో రాయడానికి వీలులేదు, అప్పటికి స్టాక్ లేదు గదా! కనుక ఆ కొద్ది పని నేరుగా యంత్రపు ఆదేశాలతోనే జరగవలె. ఒకే చిప్‌లో అనేక ప్రాసెసర్లు వుండవచ్చును గనుక ప్రతిదానికీ 4096 బైట్ల స్టాక్ వేరుగా కేటాయించవలె. ఫైలులోని లెక్క ఇది: ప్రాసెసరు తన సంఖ్యను తెలుసుకొంటుంది, దానికి 1 కలుపుతుంది, 4096 చేత గుణిస్తుంది, వచ్చినదానిని స్టాక్ స్థలం మొదటి చిరునామాకు కూడుతుంది. తరువాత సి భాషలోని ప్రోగ్రాంను పిలుస్తుంది.

ఇక్కడ 1 ఎందుకు కలపవలె? ప్రాసెసర్ల సంఖ్య 0 నుంచి మొదలవుతుంది. 1 కలపకపోతే మొదటి ప్రాసెసరుకు దక్కేది స్థలపు మొదటి చిరునామా. స్టాక్ పై చిరునామా నుంచి కిందికి పెరుగుతుంది. అందుచేత ఆ ప్రాసెసరు తనకు కేటాయించని మెమొరీలో రాయడం మొదలుపెట్టి, అక్కడ వున్నదానిని చెరిపివేస్తుంది. 1 కలిపితే దానికి తన స్థలపు పైకొస దొరుకుతుంది. అంకశ్రేఢి చదివిన విద్యార్థికి ఈ లెక్క కొత్తది కాదు. అక్కడ ఒక సంఖ్య తప్పితే గుర్తు కోల్పోవడమే. ఇక్కడ తప్పితే యంత్రం లేవదు.

రెండవ ప్రశ్నకు కూడా ఎక్స్‌వి6 సంతృప్తికరంగా జవాబిస్తుంది. దీనికి రిస్క్-ఫైవ్ చిప్ కొననక్కరలేదు. క్యూఎము అనే ఉచిత ప్రోగ్రాం సాధారణ కంప్యూటరులోనే రిస్క్-ఫైవ్ యంత్రాన్ని అనుకరిస్తుంది. పైన చెప్పిన 1ని తొలగించి ఏమవుతుందో పరీక్షించవచ్చును. ఏ యంత్రమూ చెడదు.

లోపం లేకపోలేదు. నిజమైన రిస్క్-ఫైవ్ కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టంకంటె ముందు మరొక ప్రోగ్రాం మేలుకొని యంత్రాన్ని సిద్ధంచేస్తుంది. ఎక్స్‌వి6 దానిని వద్దని చెప్పి, క్యూఎము ఇచ్చిన మెమొరీలో 2ను 31వ ఘాతానికి పెంచగా వచ్చే చిరునామా నుంచి తానే మొదలవుతుంది. బోధనకు ఇది సౌకర్యమే. కాని ఎక్స్‌వి6 మాత్రమే చదివినవాడు ఆపరేటింగ్ సిస్టమే యంత్రంలో మొదట మేలుకొనేదని భ్రమపడగలడు.

ఓపెన్ ఎస్.బి.ఐ.: మధ్యవర్తి

ఎక్స్‌వి6 దాటవేసిన ఆ మధ్యవర్తి పేరు ఓపెన్ ఎస్.బి.ఐ. ఈ ఎస్.బి.ఐ.కి బ్యాంకుతో సంబంధం లేదు. ఆపరేటింగ్ సిస్టంకూ యంత్రానికీ మధ్య కుదిరిన ఒడంబడిక అది. దానిని అమలుచేసే ప్రోగ్రాంను వెస్టర్న్ డిజిటల్ కంపెనీ 2019లో బహిరంగంగా విడుదలచేసినది.

రిస్క్-ఫైవ్‌లో మూడు అధికారస్థాయిలు వున్నవి. అన్నిటికీ పైన యంత్రస్థాయి, దానికింద పర్యవేక్షకస్థాయి, అడుగున వాడుకరిస్థాయి. లినక్సు వంటి ఆపరేటింగ్ సిస్టం పర్యవేక్షకస్థాయిలో వుంటుంది. మరొక ప్రాసెసరును మేలుకొలపడం, యంత్రాన్ని ఆపివేయడం వంటి పనులు యంత్రస్థాయికి చెందినవి. అట్టి పని కావలసినప్పుడు లినక్సు ఒక ప్రత్యేక ఆదేశంతో ఓపెన్ ఎస్.బి.ఐ.ని అడుగుతుంది. ఈ ఏర్పాటు వలన లాభమేమనగా, చిప్‌కొక విధంగా వుండే వివరాలన్నీ మధ్యవర్తి దగ్గర ఆగిపోతాయి. ఒకే లినక్సు అనేక కంపెనీల చిప్‌ల మీద నడవగలుగుతుంది.

ప్రయోజనం దృష్టితో చూస్తే ఈ నాలుగింటిలో ఎక్కువ బరువు మోస్తున్నది ఇదే. క్యూఎము కూడా దీనిని తనతోనే అందిస్తున్నది. కాని పాఠ్యగ్రంథంగా చూస్తే ఇది విద్యార్థి కొరకు రాసినది కాదు. దీని పత్రాలు కొత్త బోర్డుకు దీనిని అమర్చదలచిన ఇంజనీరును ఉద్దేశించినవి. ఏమి చేయవలెనో చెబుతవి. ఎందుకు చేయవలెనో పాఠకునికి ముందే తెలుసునని భావిస్తవి. సోర్సు కోడు చూడవచ్చును, నడపవచ్చును. మూడవ ప్రశ్న దగ్గర మాత్రం కొత్తవాడు ఆగిపోతాడు. దీనిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఇది ఎక్స్‌వి6 తరువాత చదవవలసినదని చెబితే చాలును.

శక్తి: పేరు మనది, భాష?

మద్రాసు ఐ.ఐ.టి.లో వి. కామకోటి నాయకత్వంలో 2014లో ప్రారంభమైన శక్తి పథకం ప్రోగ్రాంతో ఆగక, ప్రాసెసరు నిర్మాణాన్నే బహిరంగంచేసినది. ఆ నిర్మాణంతో 2018లో రెండు చిప్‌లు తయారైనవి. వాటిలో ఒకదానిని మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ ప్రయోగశాలలో చేసినారు. 2022 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన రిస్క్-ఫైవ్ కార్యక్రమంలో శక్తికీ, సి-డాక్ సంస్థ రూపొందించిన వేగా ప్రాసెసర్లకూ ముఖ్యస్థానం లభించినది. ఇది గర్వించదగిన కృషి. అయితే గర్వం పరీక్షకు బదులు కాజాలదు.

శక్తి నిర్మాణాన్ని బ్లూస్పెక్ అనే భాషలో రాసినారు. సోర్సు కోడు బహిరంగమే. కాని దానిని చిప్‌ల తయారీకి పనికివచ్చే రూపంలోకి మార్చే బ్లూస్పెక్ కంపైలరు 2020 వరకు లైసెన్సు కింద మాత్రమే లభించేది. అట్టలు చేతికి ఇచ్చి, వాటికి సరిపోయే మగ్గానికి తాళం వేసినట్లు అయినది. 2020లో ఆ కంపైలరు కూడా బహిరంగమైన తరువాతనే శక్తి నిజంగా విద్యార్థికి తెరుచుకొన్నది. ఒక రచన తెరిచివున్నదా అన్న ప్రశ్నకు, దానికి కావలసిన పనిముట్లు తెరిచివున్నవా అన్న ప్రశ్న కూడా చేర్చవలెనని ఈ ఉదాహరణ బోధిస్తున్నది.

శక్తి ప్రోగ్రాములు నడిచే నిర్మాణాలకు పినాక, పరశు, వజ్ర అనే పేర్లు పెట్టినారు. వీటిని నిజంగా నడిపిచూడడానికి ఎఫ్.పి.జి.ఏ. అనే బోర్డు కావలె. అది ఉన్నత పాఠశాల కొనదగిన వస్తువు కాదు. ఇక వివరణపత్రాలు ఇంగ్లీషులో వున్నవి. ఆయుధాల పేర్లు మాత్రమే మన భాషలోనివి. వాటిని ఎట్లు పట్టుకోవలెనో చెప్పే మాటలు కావు.

సి.హెచ్.32 ఫన్: చేతితో తాకగల పాఠం

నాలుగవది మిక్కిలి చిన్నది. చైనాలోని డబ్ల్యు.సి.హెచ్. కంపెనీ చేసే సి.హెచ్.32వి003 అనే చిప్ రిస్క్-ఫైవ్ ఆదేశమాల గలది. దానిలో 16 రిజిస్టర్లు, 2 కిలోబైట్ల మెమొరీ, ప్రోగ్రాం దాచడానికి 16 కిలోబైట్ల స్థలం వున్నవి. ఇటువంటి ప్రాసెసర్లలో అతి చవకైన వాటిలో ఇది ఒకటి. దీనిని నడపడానికి ఔత్సాహికులు కలిసి రాసిన బహిరంగ ప్రోగ్రాముల సంపుటి సి.హెచ్.32 ఫన్. కంపెనీ ఇచ్చే పెద్ద లైబ్రరీల జోలికి పోకుండా, ఏ చిరునామాలో ఏ బిట్టు మార్చితే దీపం వెలుగుతుందో నేరుగా చేయించడం దీని పద్ధతి.

తెరమీద అక్షరాలు చూడడం వేరు, తాను రాసిన 1 వలన దీపం వెలగడం వేరు. మొదటి అనుభవానికి దీనిని మించినది లేదు. కాని పరిమితులు రెండు గుర్తుంచుకోవలె. ఈ చిప్‌లో పర్యవేక్షకస్థాయి లేదు. ఆపరేటింగ్ సిస్టం పాఠం ఇక్కడ నేర్చుకొనడం కుదరదు. రెండవది, పని మధ్యలో వచ్చే అంతరాయాలను ఈ చిప్ తన కంపెనీ పద్ధతిలో నిర్వహిస్తుంది. అందుచేత ఇక్కడ రాసిన ఆ భాగం మరొక రిస్క్-ఫైవ్ చిప్ మీద మార్చకుండా నడవదు. ఎవరైనా జోడించుకోవచ్చునన్న స్వేచ్ఛకు చెల్లించవలసిన మూల్యం ఇది.

లోటు ఎక్కడ?

నాలుగింటినీ కలిపి చూస్తే ఒక క్రమం ఏర్పడుతుంది. చేతితో తాకడానికి సి.హెచ్.32 ఫన్, చదవడానికి ఎక్స్‌వి6, లోకంలో పని ఎట్లు జరుగుతుందో తెలియడానికి ఓపెన్ ఎస్.బి.ఐ., ప్రాసెసరు లోపలికి తొంగిచూడడానికి శక్తి. కొండగట్టు సమీపంలోని నాచుపల్లిలోనూ, సిరిసిల్ల దగ్గర అగ్రహారంలోనూ వున్న జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ కళాశాలలలో ముందుముందు చేరబోయే పిల్లలకు ఈ క్రమంలో మొదటి రెండు మెట్లు పాఠశాలలోనే ఎక్కించవచ్చును.

నాలుగింటికీ సమానమైన లోటు ఒకటి వున్నది: మూడవ ప్రశ్నకు తెలుగులో జవాబు లేదు. ప్రోగ్రాం ఇంగ్లీషు అక్షరాలలో వుండడం పెద్ద అడ్డంకి కాదు. ఆదేశాల పేర్లు నలభై. బీజగణితపు గుర్తులు నేర్చినట్లే అవీ నేర్చుకోవచ్చును. స్టాక్ కిందికి ఎందుకు పెరుగుతుంది, 1 ఎందుకు కలపవలె, యంత్రస్థాయి ఎందుకు వేరుగా వుండవలె అనే కారణాలు మాత్రం విద్యార్థి ఆలోచించే భాషలో వుండవలె. లేకపోతే అతడు పంక్తులను కంఠస్థంచేస్తాడు, పరీక్ష కాగానే మరచిపోతాడు. తెరిచివున్న ప్రోగ్రాం అతనికి మూసివున్న దానితో సమానం.

ఈ లోటు తీర్చడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఎక్స్‌వి6 లైసెన్సు దానిని నకలుచేయడానికీ, మార్చడానికీ, వివరణ చేర్చి పంచడానికీ ఒప్పుకొంటున్నది. ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులతో కలిసి మొదటి ఫైలులోని పది పంక్తులకు తెలుగులో వివరణ రాసి, 1 తీసివేసి చూచి, ఏమి జరిగినదో కూడా చేర్చితే, అది మొదటి పాఠం కాగలదు. మరుసటి ఏటి విద్యార్థులు రెండవ ఫైలు పట్టుకొంటారు. లయన్స్ వ్యాఖ్యానం పుట్టినది కూడా ఇటువంటి ఒక తరగతి గదిలోనే.